కుళాయినీటిలో క్లోరిను: కొలత యెవ్వరిచేత నున్నది?

కొడవలూరు చుట్టుప్రక్కల పల్లెలలో ప్రొద్దుటిపూట కుళాయియొద్ద నిలుచువారి నోట రెండు మాటలు వినవచ్చును. “ఇయ్యాల నీళ్లు బ్లీచింగు వాసనొస్తా ఉండాయి, గొంతు దిగటంలా” అనునది యొకటి. “నాలుగు రోజులనుంచి వాసనే లేదు, మందేశారో లేదో” అనునది రెండవది. ఒకే వీధిలో, ఒకే వారమున, ఒక్కొక్కప్పుడు ఒకే నోటినుండి యీ రెండు మాటలును వెలువడును. ఎక్కువైన నొక తప్పు, తక్కువైన నొక తప్పా యని పంచాయతీవారు విసుగుకొందురు. నా యభిప్రాయమున నీ రెండు ఫిర్యాదులును న్యాయమైనవే. రెంటికిని మూల మొక్కటియే. ట్యాంకులో నెంత మందు పడినదో, ఆ మందులో నెంత బలము మిగిలియుండెనో, అది కుళాయి చేరునప్పటికి నీటిలో నెంత నిలిచినదో, నిలువనిది యేమిగా మారినదో లెక్క వ్రాసి ప్రజలకు చూపువాడు లేడు.

“ఏమిగా మారినదో” యన్న మాటను పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. ఈ వ్యాసమునకు విషయ మదియే.

ముందుగా క్లోరినునకు రావలసిన గౌరవము దానికీయవలయును. 1905లో ఇంగ్లండునందలి లింకను పట్టణమున టైఫాయిడు ప్రబలినప్పుడు నీటిలో క్లోరిను కలిపి యా వ్యాధి నరికట్టిరి. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ ప్రజలకిచ్చు నీటికంతటికి నిత్యమును దానిని కలుపుట యారంభమయ్యెను. అటుపిమ్మట పట్టణము వెంట పట్టణ మా మార్గమునే పట్టినది. కలరాయు, సన్నిపాతజ్వరమును గ్రామములను ఊడ్చిపెట్టిన దినముల కథలు మన తాతలనాటివి మాత్రమే యగుటకు గల కారణములలో నీ చవుకబారు మందు ముఖ్యమైనది. అది చాలనిచోట నేమగునో యెరుగుటకు మనము సముద్రములు దాటనక్కరలేదు. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూరున మురుగునీరు మంచినీటి గొట్టములలో కలిసి పదిమందికిపైగా ప్రాణములు గోల్పోయిరి. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతమున నదే కథ జరిగినది. 2024 అక్టోబరులో విజయనగరము జిల్లా గుర్ల మండలమున అతిసారము వ్యాపించి యిండ్లకిండ్లు మంచము పట్టినవి; ప్రాణములును పోయినవి. కావున నీ వ్యాసము చదివి యెవ్వరైనను “బ్లీచింగు మానివేయుడు” అని పంచాయతీమీదికి పోయినచో వారు నా మాట వినలేదనియే చెప్పవలసియుండును.

ఇక రెండవ ప్రక్క చూతము. 1974లో హాలండునందలి రోటర్‌డాము నీటిసరఫరా సంస్థలో పనిచేయు రూక్ అను రసాయనశాస్త్రజ్ఞు డొక సంగతిని ప్రకటించెను. నదినీటికి క్లోరిను కలిపిన పిమ్మట, పూర్వము ఆ నీటిలో లేని క్లోరోఫారము పుట్టుచున్నది. ఆ సంవత్సరముననే అమెరికాలో బెల్లారు, లిక్టెన్‌బెర్గు అనువారును అదే విషయము కనుగొనిరి. క్లోరోఫారమనగా పూర్వము శస్త్రచికిత్స చేయునపుడు రోగికి మత్తు గలిగించుటకు వాడినదే. అది యెవ్వరును పోయక నీటిలో నెట్లు చేరినది? ఆకులు, అలములు, నాచు, పాచి కుళ్లి నీటిలో కరగియుండు సేంద్రియ పదార్థముతో క్లోరిను కలిసి దానిని బుట్టించుచున్నది. క్లోరిను సూక్ష్మజీవిని చంపుటతో తృప్తిపడి యూరకుండు మందు గాదు. నీటిలో తనకు దొరకిన ప్రతి వస్తువునును పట్టుకొని మార్పు చెందించుట దాని స్వభావము. అది చంపుటయు నా స్వభావముచేతనే.

ఇట్లు పుట్టు పదార్థములలో నాలుగింటిని ట్రైహాలోమీథేను లందురు. అవి క్లోరోఫారము, బ్రోమోడైక్లోరోమీథేను, డైబ్రోమోక్లోరోమీథేను, బ్రోమోఫారము. హాలోఎసిటిక్ ఆమ్లములను వేరొక కుటుంబమును గలదు. ఇంతవరకు పరిశోధకులు గుర్తించిన యుపోత్పన్నములు ఆరువందలకు మించినవి. నీటిలో సేంద్రియ పదార్థ మెంత హెచ్చైన, క్లోరి నెంత హెచ్చుగ వేసిన, నీరెంత వెచ్చగానుండిన, అది గొట్టములలోను ట్యాంకులలోను ఎంతసేపు నిలిచిన నివి యంత హెచ్చుగ బుట్టును. మే నెలలో నెల్లూరిసీమ యెండకు కాగిన సిమెంటు ట్యాంకును, అడుగున బురదయు, గోడలకు పాచియు, పైన నంచనాకు వేసిన బ్లీచింగును ఒకచోట చేరినపుడు, పైన జెప్పిన కారణములలో నేదియు లోపింపదు.

వీనివలన హాని యెంత? ఇది న్యాయవాది యడుగవలసిన ప్రశ్నయే గనుక సాక్ష్యమును తూచి చెప్పుదును. 1976లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థవారు క్లోరోఫారమును హెచ్చుమోతాదున నెలుకలకిచ్చి చూచిరి. కొన్నిటికి మూత్రపిండములలోను, చిట్టెలుకలకు కాలేయములోను క్రంతులు పుట్టినవి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థవారు క్లోరోఫారమును, బ్రోమోడైక్లోరోమీథేనును మనుష్యులకు క్యాన్సరు గలిగింపవచ్చునన్న వర్గమున చేర్చిరి. అయితే క్లోరిను కలిపిన త్రాగునీరు మొత్తముమీద నెట్టిదన్న ప్రశ్నకు, తీర్పుచెప్పుటకు సాక్ష్యము చాలదని వారే 1991లో వ్రాసిరి. అటుపిమ్మట ననేక దేశములలో నిట్టి నీటిని దశాబ్దములకొలది త్రాగినవారిని పరిశీలించినపుడు మూత్రాశయపు క్యాన్సరు కొంచెము హెచ్చుగా గనబడినది. 2020లో ప్రకటితమైన యొక పరిశోధనలో, యూరపు సమాఖ్య దేశములందలి మూత్రాశయపు క్యాన్సరులలో సుమారు నూటికి 5, అనగా సంవత్సరమునకు 6,500 దాకా, ఈ పదార్థములవలన గలిగియుండునని యంచనా వేసిరి. గర్భస్థశిశువులపై వీని ప్రభావమునుగూర్చి వాదము లింకను తెగలేదు.

క్రిమినలు కోర్టులో ముద్దాయికి సంశయలాభ మిత్తురు. సివిలు కోర్టులో మొగ్గు ఎటున్న నటు తీర్పిత్తురు. క్లోరినును క్రిమినలు కోర్టు బోనులో నిలుపదలచిన ఈ సాక్ష్యము చాలదు; విడుదల యగును. సివిలు దావా వేసిన మాత్రము, ప్రతివాది కొంత సమాధానము చెప్పుకొనక తప్పదు. మరియు నిచట నాలుగు చుక్కలు త్రాగినవాని సంగతి గాదు విచారణకు వచ్చినది. పుట్టినది మొదలు చచ్చుదాక దినమునకు రెండు మూడు లీటర్లు త్రాగి, అదే నీట స్నానముచేసి, ఆ యావిరి పీల్చు లక్షలమంది సంగతి. అల్పమైన హానియైనను అంతమందిచే గుణించినపు డల్పముగా నుండదు.

అమెరికాలో నీ విషయము బయటపడిన సంవత్సరమే, 1974 డిసెంబరులో, త్రాగునీటి రక్షణచట్టము వచ్చెను. 1979లో నాలుగు ట్రైహాలోమీథేనుల మొత్తము లీటరునకు 100 మైక్రోగ్రాములు మించరాదని నిర్ణయించి, 1998లో దానిని 80కి దించిరి. హాలోఎసిటిక్ ఆమ్లములు అయిదింటికి కలిపి 60. యూరపులో మొత్తము 100. మన దేశమున భారత ప్రమాణములసంస్థవారి 10500 సంఖ్యగల ప్రమాణము, 2012 నాటిది, క్లోరోఫారమునకు 200, బ్రోమోఫారమునకు 100, డైబ్రోమోక్లోరోమీథేనునకు 100, బ్రోమోడైక్లోరోమీథేనునకు 60 మైక్రోగ్రాములని విడివిడిగా హద్దులు పెట్టినది. మనకు హద్దు లేదనువారు దానిని చదువలేదన్నమాట. హద్దున్నది, హద్దు దాటినదో లేదో చూచువారు లేరు. సీసాలో నీరు పోసి యమ్మువాడు ప్రమాణమునకు లోబడక తప్పదు గాని, కుళాయిలో నీరువదలు సంస్థకు పై ప్రమాణము శాసనమువలె గట్టిగా తగులుకొనదు. అమ్మువానికి కట్టుబాటు, ఏలువానికి స్వేచ్ఛ! ఇది మన స్వరాజ్యమునందలి విచిత్రములలో నొకటి.

ఇంతవరకు చెప్పినది లోకమున కంతటికిని వర్తించును. సముద్రమునకు చేరువనున్న మనకు ప్రత్యేకముగా వర్తించు సంగతి వేరొకటి గలదు. పై నాలుగు పదార్థములలో మూడింటి పేరులలో బ్రోమిను కలదని పాఠకులు గమనించియుందురు. ఈ బ్రోమిను ఎక్కడిది? సముద్రజలమునందు లీటరునకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడు ఉప్పుతోబాటు కరగియుండును. నూరుకడవల మంచినీటిలో నొక్క కడవ సముద్రపునీరు కలసినను లీటరునకు అర మిల్లీగ్రామునకు మించి బ్రోమైడు చేరును. ఆ నీటికి క్లోరిను వేసినపు డది బ్రోమైడును రేపి బ్రోమినుగా మార్చును. ఆ బ్రోమిను సేంద్రియ పదార్థముపై క్లోరినుకన్న చురుకుగా బడును. అపుడు పుట్టునవి క్లోరోఫారముకంటె బ్రోమిను కలిసినవే హెచ్చుగా నుండును. వానియందు కొన్ని క్లోరోఫారముకంటె హెచ్చు హానికరములని పరిశోధకుల మతము. పైన జెప్పిన హద్దులలో బ్రోమోడైక్లోరోమీథేను హద్దు క్లోరోఫారము హద్దులో మూడవవంతుకంటె తక్కువ యగుట యందులకే.

కొడవలూరు పెన్నకు ఉత్తరమున వరిమళ్లనడుమ నున్న యూరు. ఇచ్చటినుండి తూర్పుగా విడవలూరు, అల్లూరు మీదుగా సముద్రమువైపు పోవుకొలది బోర్లలో ఉప్పదనము పైకి వచ్చుచున్నదని రైతులెల్ల నెరుగుదురు. భూమిలోని మంచినీటిని మనము తోడినకొలది సముద్రము లోనికి జొచ్చును. పైగా రొయ్యలగుంటలు. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీముకోర్టువారు తీరపు రొయ్యలసాగుపై నిచ్చిన తీర్పునందు, మన నెల్లూరు జిల్లాలోని యొక బెస్తపల్లెలో రొయ్యలగుంటలవలన భూగర్భజలము ఉప్పనై 600 మందికి త్రాగునీరు లేకపోయిన సంగతి యెక్కినది. ఆనాటి యా వాదమెల్ల ఉప్పదనమునుగూర్చియే నడచెను. ఉప్పనైన నీటికి క్లోరిను పోసిన మీదట నేమగునన్నది యెవ్వరి వాదములోను రాలేదు. ఇక గుంట నింపినపుడు సీడు వేయుటకు ముందు రైతులు బస్తాలకొలది బ్లీచింగు చల్లుదురు. వ్యాధిభయముచేత చేయుపని, వారిని నిందింపను. కాని ఉప్పునీరు, కుళ్లు, క్లోరిను మూడును నేకమగు చోటు దానికన్న వేరొకటి లేదు. ఆ నీరు మురుగుకాలువలో పడి యే త్రాగునీటి చెరువు ప్రక్కగా బోవుచున్నదో గ్రామములవా రడిగి తెలిసికొనవలయును.

సరే, ట్యాంకుకడకు వత్తము. పల్లెలలో సాధారణముగ గట్టు ట్యాంకు 60 వేల లీటర్లది. మంచి బ్లీచింగు పౌడరులో నూటికి 33 పాళ్లు క్లోరిను బలముండును. వేయి లీటర్లకు రెండున్నర గ్రాములు వేయవలయునని ఆరోగ్యశాఖవారి పాత లెక్క. ఆ చొప్పున 60 వేల లీటర్ల ట్యాంకునకు 150 గ్రాములు చాలును. ఒక గంట యాగిన తరువాత నీటిలో లీటరునకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలిన పని నెరవేరినట్లే. ఇపుడు ఆపరేటరు డబ్బాతో కొలచుటకు మారుగా నొక కిలో గుమ్మరించెననుకొందము. లీటరునకు అయిదున్నర మిల్లీగ్రాములు పడును. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు త్రాగునీటికి పెట్టిన పైహద్దు 5. ఆ దినముననే మన కుళాయిమాటలలో మొదటిది పుట్టును. వేరొకమాటు, మూతిగట్టని బస్తా పంచాయతీ గదిలో నాలుగునెలలు చెమ్మకును వేడికిని పడియుండి బలములో మూడింట రెండువంతులు గోల్పోయెననుకొందము. అపుడు సక్రమముగా 150 గ్రాములు తూచి వేసినను లీటరునకు మిల్లీగ్రాములో నాలుగవవంతే పడును. ట్యాంకు అడుగు బురదయే దానిని మ్రింగివేయును; వీధి చివరి కుళాయికి చేరునది సున్న. రెండవ మాట యా దినమున పుట్టును. ఇట్లు మందు హెచ్చైన దినమున నుపోత్పన్నములు, తగ్గిన దినమున నతిసారము. ఒకే ట్యాంకు, ఒకే బస్తా, ఒకే మనుష్యుడు.

ఆ మనుష్యుని తప్పుపట్టుట నా యుద్దేశము గాదు. స్వల్పవేతనముపై, అదియు నెలలు గడచిన పిమ్మట, పనిచేయు పంపు ఆపరేటరునకు త్రాసు నిచ్చినవారెవరు? బస్తాలోని బలమును పరీక్షించి చెప్పినవారెవరు? ద్రావణపు క్లోరిను వాడు చోట్ల నింకొక చిక్కున్నది. సోడియము హైపోక్లోరైటు డబ్బాలు వేడిలో నిలువయున్న నందు క్లోరేటు పుట్టును. నీటిలో క్లోరేటు లీటరునకు 0.7 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ. మన వేసవిలో రేకులషెడ్డులో నుంచిన డబ్బాలను దలచుకొనుడు.

“మేము కుళాయినీరు త్రాగము, క్యాను తెప్పించుకొందుము” అని పట్టణవాసులగు మిత్రులు చెప్పుదురు. ఇరువది లీటర్ల క్యాను ఇంటిముందు దిగినతోడనే తమకీ చర్చతో బనిలేదని వారి నమ్మకము. ఆర్.ఓ. యంత్రమునకు ముందుండు బొగ్గు క్లోరినును పట్టివేయును, నిజమే. కాని క్లోరిను లేని నీరు కడుగని క్యానులో రెండుమూడు దినములుండిన సూక్ష్మజీవుల కది సత్రము. కొన్ని సంస్థలు ఓజోను వాయువుతో శుద్ధిచేయును. బ్రోమైడు గల నీటిలో ఓజోను పంపిన బ్రోమేటు పుట్టును. 2004 మార్చిలో ఇంగ్లండున కోకాకోలా కంపెనీవారు డసానీ యను తమ సీసాల నీటిని, సుమారు 5 లక్షల సీసాలు, అంగళ్లనుండి వెనుకకు తీసికొనుటకు కారణ మీ బ్రోమేటే. అంత పెద్ద కంపెనీ కది తప్పలేదు. మన వీధిచివర రేకులషెడ్డులో నడచు ప్లాంటువారు తమ నీటిలో బ్రోమే టెంతయో యెన్నడైన పరీక్షింపించిరా యని వారినడిగి చూడుడు. మరియు క్యాను కొనలేనివారి మాట యేమి? ధనవంతుడు తన దప్పి తాను తీర్చుకొని సామాన్యపు కుళాయిని విడిచిపెట్టిన నాటినుండి దానికై యడుగువారు తగ్గిపోయిరి.

ఏలూరు సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 2020 డిసెంబరు 5 మొదలు కొలదిదినములలో నా పట్టణమున ఆరువందలమందికిపైగా మూర్ఛలతోను, తలత్రిప్పుడుతోను నాసుపత్రుల పాలైరి. కరోనా దినములలో విచ్చలవిడిగా జల్లిన బ్లీచింగు కారణమేమో యని మొదట ననుమానములు పుట్టినవి. ఢిల్లీ ఎయిమ్స్ వారి పరీక్షలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవి. తుదకు నిపుణులు పురుగుమందుల యవశేషములవైపు వ్రేలు చూపిరి. క్లోరిను దోషి యని చెప్పుటకై యీ కథ నెత్తుకొనలేదు. అది దోషిగా దేలలేదు. ఊరు ఊరంతయు పడిపోయిన దినమున, గడచిన యారునెలలలో నీ నీటిలో నేమేమి యెంతెంత యుండెనో చూపు లెక్క ప్రజలచేతిలో నొక్కటియు లేకపోవుటచే, ప్రతివాడును ఊహించుచు, భయపడుచు, ఒకరినొకరు నిందించుకొనుచు దినములు గడపవలసివచ్చినది. లెక్కయున్నచో క్లోరినును ఆ మధ్యాహ్నమే విడిచిపెట్టియుందుము.

ఇట్టి భయము వేరొక దిక్కున ప్రాణాంతకము గావచ్చును. 1991లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున కలరా పుట్టి యా సంవత్సరమే మూడులక్షలమందికి సోకినది. సుమారు మూడువేలమంది గతించిరి. క్యాన్సరు భయముచే నధికారులు క్లోరిను మానుటయే కారణమని యొక కథ ప్రచారమయ్యెను. తరువాత విచారించినవారు దానిని పూర్తిగా నంగీకరింపలేదు. శిథిలమైన గొట్టములు, ధనాభావము, సరిగా నడువని సరఫరా మూలమని వారి వాదము. కథ నిజమైనను కాకున్నను, క్లోరిను లేని గొట్టము చేసిన పని మాత్రము నిజము. అందుచేతనే యుపోత్పన్నములను తగ్గించు ప్రయత్నములో సూక్ష్మజీవులనుండి రక్షణను సడలింపరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు స్పష్టముగా జెప్పిరి.

మరి చేయవలసినదేమి? నీటిని ముందు శుభ్రపరచి పిమ్మట క్లోరిను వేయుట. ఇది వంటింటి స్త్రీ కెరుకైన క్రమమే. కడుగని గిన్నెలో పాలు కాచునా? పటికతో బురద దించి, ఇసుకవడపోతగుండ పంపిన నీటిలో క్లోరినుతో కలియుటకు సేంద్రియ పదార్థము తగ్గును, మందు తక్కువ పట్టును, ఉపోత్పన్నములును తగ్గును. ఇసుకవడపోత క్రొత్తది గాదు, 1829లో లండనులో సింప్సను కట్టించినాటినుండి లోకమెరిగినదే. మన పల్లెలలో ననేకచోట్ల కాలువనీటి చెరువుప్రక్క నట్టి వడపోతలు గట్టిరి. వాని పైపొర గీకి శుభ్రపరచుటకు మనుష్యులు లేక, నీరు ప్రక్కదారిని ట్యాంకునకు బోవుచుండుట గ్రామస్థులే చూపుదురు. వడపోత పాడైననాడు దాని లోటు తీర్చుటకు బ్లీచింగు హెచ్చింతురు. బురదను మందుతో కడుగుట యన్నమాట. క్లోరోఫారము కర్మాగారము కట్టదలచినవాడు సయిత మింతకన్న సులువైన యుపాయము కనుగొనలేడు. ఇక ఉప్పనైన బోరునీటిని మంచినీటిలో కలిపి “సర్దుబాటు” చేయుట తీరగ్రామములలో పూర్తిగా మానవలయును; నాలుక కది తెలియకపోవచ్చును గాని బ్రోమైడు నాలుక యనుమతి నడుగదు.

గృహస్థులకు చిన్నమాట. మూతలేని పాత్రలో నీటిని కొన్ని నిమిషములు తెరలనిచ్చిన క్లోరోఫారము చాలవరకు ఆవిరియై పోవును. అది 61 డిగ్రీలకే మరగు పదార్థము. సూక్ష్మజీవులును చచ్చును. ఈ కట్టుబాటు వానకాలమునకే గాక వేసవికిని ఉంచుకొనుట మేలు. కాని ప్రతి యింటను గ్యాసు ఖర్చుతో ప్రజలే తీర్చుకొనవలసినదా యిది?

చట్టము మాట చెప్పక విడువజాలను. హైదరాబాదునకు నీరిచ్చు హిమాయత్‌సాగరు, ఉస్మాన్‌సాగరు చెరువుల చేరువ నొక కర్మాగారము పెట్టు విషయమై ఆంధ్రప్రదేశ్ కాలుష్యనియంత్రణ మండలికిని ఆచార్య ఎం.వి. నాయుడుగారికిని నడచిన కేసులో, 1999లో మన తెలుగువాడగు జస్టిస్ జగన్నాథరావుగారు ముందుజాగ్రత్త సూత్రమును విపులముగా వ్రాసిరి. హాని కలుగునని ప్రజలు ఋజువు చేయనక్కరలేదు. హాని లేదని మార్పు తెచ్చువాడే చూపవలయును. 2000 డిసెంబరులో నదే కేసులో త్రాగునీటి హక్కు జీవించు హక్కులోని భాగమని తేలినది. నీటిలో మందు కలుపువానికి నీ సూత్రము వర్తింపదా? కలుపవలసినదే, కలిపిన పిమ్మట నేమి పుట్టినదో చూపవలసిన భారమును వానిదే. అమెరికాలో 1996 సవరణనాటినుండి నీటిసంస్థలు సంవత్సరమున కొకమారు వినియోగదారులకు పరీక్షల లెక్క పంపవలయును. ఆ కాగితములో ట్రైహాలోమీథేనుల కొక వరుస యుండును. మన కట్టి కాగితము లేదు.

మనకున్నది మరియొకటి. 2019లో జలజీవన్ మిషను ప్రారంభమైన పిమ్మట గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష పెట్టె వాడుక నేర్పవలయునని యేర్పాటు చేసిరి. ఆ పెట్టెతో మిగులు క్లోరినును నిమిషములలో చూడవచ్చును. ట్రైహాలోమీథేనులను చూడలేము, దానికి గ్యాస్ క్రోమటోగ్రాఫు అను యంత్రము కావలయును, అది పల్లెకు రాదు, నీరే దానికడకు పోవలయును. మూడునెలల కొకమారు, గొట్టము చిట్టచివరి కుళాయినుండి యొక చిన్న సీసా పంపుట పంచాయతీకి మోయరాని భారము గాదు.

ఈ సందర్భమున పాత సంగతి యొకటి. నీటిలోని ఫ్లోరైడు మనుష్యుల యెముకలను వంకరజేయునన్న విషయము భారతదేశమున మొట్టమొదట బయటపడినది మన జిల్లాలోనే. తరువాత ప్రకాశము జిల్లాయందు చేరిన పొదిలి, దర్శి ప్రాంతము లప్పటికి నెల్లూరులోనివి. 1937లో షార్టు మొదలగు వైద్యులు దానిని వైద్యపత్రికలో వ్రాసిరి. వ్యాధి పేరు, కారణము, చోటు మూడును అచ్చులో నున్నవి. అయినను అటుపిమ్మట తరములు ఆ నీరే త్రాగినవి. అచ్చయిన జ్ఞానమునకును గ్రామపు కుళాయికిని నడుమ నంత దూర మున్నది.

కావున రాబోవు గ్రామసభలో కొడవలూరు ప్రాంతపువా రడుగవలసినది పెద్ద పథకము గాదు. ట్యాంకుక్రింద గోడమీద నల్లబల్ల యొకటి. దానిపై ట్యాంకు కడిగిన తేదీ, బ్లీచింగు బస్తా తెరచిన తేదీ, ఆనాడు వేసిన గ్రాములు, చివరి కుళాయిలో మిగిలిన క్లోరిను. దానిక్రింద మూడునెలల కొకమారు వచ్చు ట్రైహాలోమీథేనుల ఫలితము. ఆపరేటరున కొక త్రాసు, బస్తాకు మూత. తీర్మానపు ముసాయిదా వ్రాసి యిచ్చుటకు నేనును, రీడింగురూము మిత్రులును సిద్ధముగా నున్నాము. మే నెల రాకమునుపే యిది జరిగిన మేలు. కాలువలు కట్టివేసిన పిమ్మట చెరువునీరు పచ్చబడును, అపుడు బస్తాలు మరల విప్పుదురు.